అరకు అరబికా: ఒకే నేల పేరును నిలబెట్టే సహకార సేద్యం

తెలుగువారి ఇళ్ళలో ఉదయం పూట ఫిల్టరులో దిగే కాఫీ సాధారణంగా ఏ ఒక్క ఊరిదీ కాదు. ప్లాంటేషన్ రకం అరబికా, పీబెర్రీ, రోబస్టా గింజలను తగిన పాళ్ళలో కలిపి, వేయించి, పొడిచేసి, చాలా సందర్భాలలో చికోరీని కూడా చేర్చి అమ్ముతారు. కాఫీ-చికోరీ మిశ్రమంలో చికోరీ 49 శాతం వరకు ఉండటానికి ఆహార భద్రతా నిబంధనలు అనుమతిస్తున్నాయి. ఇటువంటి మిశ్రమాలలో దోషమేమీ లేదు. ఏడాది పొడవునా ఒకే రుచిని, అందుబాటు ధరను వినియోగదారునికి అందించడం వాటి ఉద్దేశం. అయితే ఆ మిశ్రమంలో గింజ పండిన కొండ పేరు, దానిని పండించిన రైతు శ్రమ రెండూ కలిసిపోతాయి. మంచి పండు కోసిన రైతుకూ, పచ్చికాయ దూసిన రైతుకూ దాదాపు ఒకే ధర లభిస్తుంది.

ఇందుకు భిన్నంగా ఒక నిర్దిష్ట ప్రాంతంలో పండిన గింజలను, మరెక్కడి గింజలనూ కలపకుండా, ఆ ప్రాంతం పేరుతోనే అమ్మే కాఫీని వ్యాపార పరిభాషలో ‘సింగిల్ ఆరిజిన్’ కాఫీ అంటారు. తెలుగులో దీనిని ఏక ప్రాంతపు కాఫీ అనవచ్చు. ఆ ప్రాంతం ఒక లోయ కావచ్చు, ఒక ఎస్టేటు కావచ్చు, ఒకే గ్రామ రైతుల ఉత్పత్తి కూడా కావచ్చు. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరకు, పాడేరు, చింతపల్లి కొండలలో గిరిజన రైతులు పండించే అరబికా నేడు ఈ కోవలో దేశ విదేశాలలో గుర్తింపు పొందింది.

వందల ఎకరాల ఎస్టేటు తన కాఫీకి తన పేరు పెట్టుకోవడం కష్టం కాదు. ఎకరం, రెండెకరాల తోట మాత్రమే ఉన్న వేలాది కుటుంబాలు కలిసి ఒకే నాణ్యతతో, ఒకే పేరుతో మార్కెట్లో నిలబడటమే కష్టం. అరకు కాఫీ విశిష్టతకు నేల, ఎత్తు, చలి ఎంత కారణమో, పండు కోసిన నాటి నుంచి గింజ సంచికెక్కే వరకు జరిగే సామూహిక క్రమశిక్షణ అంతే కారణం. ఈ రెండవ అంశం సడలితే మొదటిది ఎంత గొప్పదైనా కప్పులోకి చేరదు.

నేల, ఎత్తు, చలి

తూర్పు కనుమలలోని ఈ తోటలు సముద్ర మట్టానికి సుమారు 900 నుంచి 1100 మీటర్ల ఎత్తున విస్తరించి ఉన్నాయి. ఏటవాలు కొండలు, నీరు నిలవని ఎర్ర గరప నేలలు, ఆకు రాలి కుళ్ళడం వల్ల చేరే సేంద్రియ పదార్థం, వెయ్యి మిల్లీమీటర్లకు పైబడిన వార్షిక వర్షపాతం అరబికాకు అనుకూలమైన పరిస్థితులు. శీతాకాలంలో లంబసింగి, మినుములూరు వంటి చోట్ల రాత్రి ఉష్ణోగ్రతలు ఒక అంకెకు పడిపోతాయి.

పగటి ఎండకూ రాత్రి చలికీ మధ్య ఉండే ఈ తేడాకు కాఫీ నాణ్యతతో దగ్గరి సంబంధం ఉంది. చల్లని వాతావరణంలో పండు నెమ్మదిగా పక్వమవుతుంది. గింజలో చక్కెరలు, సువాసనకు మూలమైన పదార్థాలు చేరడానికి ఎక్కువ సమయం దొరుకుతుంది. గింజ గట్టిగా, బరువుగా తయారవుతుంది. తక్కువ ఎత్తులో, వేడి ప్రాంతంలో త్వరగా పండిన అరబికాలో ఈ గుణాలు తగ్గుతాయి.

అరబికా పూత మార్చి, ఏప్రిల్ నెలలలో కురిసే పూతవానలపై ఆధారపడుతుంది. వాన కురిసిన వారం, పది రోజులకు కొమ్మల వెంట తెల్లని పూలు విచ్చుకొని తోటంతా మల్లెల వంటి వాసన వ్యాపిస్తుంది. పూత నుంచి పండు వరకు ఎనిమిది, తొమ్మిది నెలలు పడుతుంది. నవంబరు నుంచి జనవరి వరకు, కొన్ని చోట్ల ఫిబ్రవరి వరకు కోతలు సాగుతాయి. ఎస్.795, సెలెక్షన్ 9, కావేరి, చంద్రగిరి వంటి రకాలు ఈ ప్రాంతంలో సాగులో ఉన్నాయి. వీటిలో సెలెక్షన్ 9 ఇథియోపియాకు చెందిన టఫారికెలా రకాన్ని తిమోర్ హైబ్రిడ్‌తో సంకరపరచి రూపొందించినది.

కాఫీ మన్యానికి వచ్చిన తీరు

1898లో బ్రోడీ అనే ఆంగ్లేయుడు తూర్పు గోదావరి మన్యంలోని పాములేరు లోయలో కాఫీని ప్రవేశపెట్టినట్లు తెలుస్తున్నది. 1920ల నాటికి ఈ పంట అనంతగిరి, అరకు, చింతపల్లి ప్రాంతాలకు వ్యాపించింది. 1960 నుంచి అటవీ శాఖ రిజర్వు అడవులలో కాఫీ తోటలను పెంచింది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ గిరిజనుల భూములలో ఈ పంటను ప్రోత్సహించింది. 1985 తరువాత కుటుంబానికి రెండెకరాల చొప్పున కాఫీ తోటలు వేయించే కార్యక్రమం సాగింది. 1997 నుంచి పాడేరు సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ ఈ బాధ్యతను స్వీకరించింది. కాఫీ బోర్డు ఆర్.వి. నగర్‌లో ప్రాంతీయ పరిశోధనా కేంద్రాన్ని నెలకొల్పింది.

పోడు వ్యవసాయానికి ప్రత్యామ్నాయం చూపడం ఈ కృషికి తొలి లక్ష్యం. అడవిని నరికి, కాల్చి, కొన్నేళ్ళు చిరుధాన్యాలు పండించి, సారం తగ్గగానే మరో వాలుకు తరలడం పోడు పద్ధతి. జనాభా పెరిగి, బీడు వదిలే కాలం తగ్గిన కొద్దీ నేల కోత తీవ్రమైంది. కాఫీ నీడన పెరిగే బహువార్షిక పంట కనుక చెట్టును నరకడం కంటే నిలుపుకోవడమే రైతుకు లాభదాయకమైంది. బగత, వాల్మీకి, కొండదొర, కోటియా, ఖోండు, పోర్జ, గదబ మొదలైన తెగల కుటుంబాలు నేడు రెండు లక్షల ఎకరాలకు పైగా విస్తీర్ణంలో ఈ పంటను సాగుచేస్తున్నాయి.

తోటకు ప్రాణం నీడ

అరబికా స్వభావరీత్యా అడవి నీడలో పెరిగిన మొక్క. మన్యంలో నీడకు ఎక్కువగా సిల్వర్ ఓక్ చెట్లను నాటారు. ఆస్ట్రేలియాకు చెందిన ఈ చెట్టు త్వరగా, నిటారుగా పెరుగుతుంది. దాని కాండంపైకి మిరియాల తీగను పాకించి రైతులు అదనపు ఆదాయం పొందుతున్నారు. అయితే తోటంతా ఒకే జాతి నీడచెట్లు ఉండటం మంచిది కాదు. సిల్వర్ ఓక్ ఆకు త్వరగా చివకదు. ఆకు తేలికగా కుళ్ళే చెట్లనూ, పనస, నేరేడు, మామిడి వంటి స్థానిక వృక్షాలనూ కలిపి పెంచినప్పుడు నేలకు పోషకాలు, పక్షులకు ఆవాసం, కుటుంబానికి పండ్లు సమకూరుతాయి.

కలప ధర పెరిగినప్పుడు నీడచెట్లను ఒక్కసారిగా అమ్మే రైతులు తోటకు కలిగే నష్టాన్ని వెంటనే గుర్తించలేరు. ఎండ నేరుగా తగిలే అరబికా కాండాన్ని తెల్ల కాండం తొలుచు పురుగు ఎక్కువగా ఆశిస్తుంది. తల్లి పురుగు కాండంపై బెరడు పగుళ్ళలో గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగులు కాండం లోపల సొరంగాలు చేస్తాయి. ఆకులు పసుపు రంగుకు మారి, మొక్క వాడి, చివరకు చనిపోతుంది. ఏప్రిల్-మే, అక్టోబరు-డిసెంబరు నెలలు ఈ పురుగులు బయటకు వచ్చే కాలం. అంతకు ముందే కాండంపై వదులుగా ఉన్న బెరడును గోనె గుడ్డతో రుద్ది తొలగించడం, 10 శాతం సున్నపు ద్రావణాన్ని కాండానికి పూయడం, సోకిన మొక్కలను వేళ్ళతో పెకలించి కాల్చివేయడం, లింగాకర్షక బుట్టలు అమర్చడం నివారణ పద్ధతులు. వీటన్నిటికంటే ముందుండేది సరైన నీడ.

ఈ కొండలలో రసాయనిక ఎరువులు, పురుగుమందుల వాడకం మొదటి నుంచీ తక్కువ. పశువుల ఎరువు, పచ్చిరొట్ట, పండు తొక్కతో తయారైన కంపోస్టు ప్రధాన పోషక వనరులు. అరకు కాఫీ గుర్తింపులో ఈ సేంద్రియ స్వభావం విడదీయరాని భాగమైంది. కనుక తోటలో వచ్చే ప్రతి సమస్యకూ పరిష్కారాన్ని ఈ పరిధిలోనే వెతకవలసి ఉంటుంది.

కోత: ఎర్రపండు మాత్రమే

కాఫీ నాణ్యతను యంత్రం పెంచలేదు. చెట్టుపై పండులో ఉన్న నాణ్యతను చెడకుండా కాపాడటమే తరువాతి దశల పని. అందువల్ల కోత అత్యంత కీలకమైన దశ.

ఒకే కొమ్మపై పచ్చి, దోర, ఎర్రని పండ్లు పక్కపక్కనే ఉంటాయి. ముందుగా పండిన కొద్దిపాటి పండ్లను ఏరడాన్ని ఫ్లై పికింగ్ అంటారు. ఆ తరువాత 10 నుంచి 15 రోజుల వ్యవధితో నాలుగైదు సార్లు ప్రధాన కోతలు జరుగుతాయి. చివరగా మిగిలిన కాయలన్నిటినీ కోయడం స్ట్రిప్పింగ్, నేలపై రాలిన వాటిని ఏరడం గ్లీనింగ్. మేలురకం కాఫీకి ప్రధాన కోతలలో పూర్తిగా ఎర్రబడిన పండ్లు మాత్రమే పనికివస్తాయి. పచ్చికాయల గింజ వేయించినప్పుడు పాలిపోయిన రంగులో మిగిలి కప్పుకు వగరును తెస్తుంది. చెట్టుపైనే ఎండిన లేదా అతిగా పండిన కాయలు పులిసిన వాసననిస్తాయి.

ఇది తెలిసినా చాలామంది రైతులు కొమ్మను ఒక్కసారిగా దూసివేయడానికి కారణాలున్నాయి. నాలుగైదు విడతల కోతకు కూలి ఎక్కువవుతుంది. దూరపు తోటలలో పండ్లు దొంగతనానికి గురవుతాయన్న భయం ఉంటుంది. పండుగ ఖర్చులకు, పాత అప్పులకు చేతిలో సొమ్ము కావాలి. వారపు సంతకు వచ్చే దళారి పండు రంగు చూడడు. కాయలన్నిటినీ కలిపి ఎండబెట్టిన చెర్రీని అక్కడికక్కడే తూచి డబ్బు చేతిలో పెడతాడు. నాణ్యతకు అదనపు ధర, ఆ ధర సకాలంలో చేతికి అందుతుందన్న నమ్మకం, ఈ రెండూ లేని చోట ఎర్రపండు మాత్రమే కోయాలని చెప్పే సలహా ఫలించదు.

పండు నుంచి పార్చ్‌మెంటు వరకు

కోసిన పండును అదే రోజున పల్పర్‌లో వేసి పైతొక్క తీయాలి. గోనె సంచులలో కుక్కి రాత్రంతా ఉంచితే పండ్లు వేడెక్కి అదుపులేని పులియడం మొదలవుతుంది. ఆ దుర్వాసన తరువాత ఏ దశలోనూ పోదు.

ముందుగా పండ్లను నీటి తొట్టిలో పోస్తారు. తాలుకాయలు, పురుగు తిన్నవి, ఎండినవి పైకి తేలతాయి. వాటిని వేరుచేసి, మునిగిన పండ్లను మాత్రమే పల్పర్‌లోకి పంపుతారు. తొక్క పోయిన తరువాత గింజను అంటిపెట్టుకొని తియ్యని జిగురు పొర ఉంటుంది. తొట్టిలో 24 నుంచి 36 గంటలు సహజంగా పులియబెట్టినప్పుడు ఈ పొర కరిగిపోతుంది. చలి ఎక్కువగా ఉన్న రోజులలో ఇంకా కొంత సమయం పట్టవచ్చు. గడియారం కంటే చేతి స్పర్శ మంచి ప్రమాణం: గింజలను అరచేతుల మధ్య రుద్దితే జారకుండా గులకరాళ్ళలా గరగరలాడాలి. ఆ క్షణం దాటితే గింజకు పుల్లని వాసన పడుతుంది. అప్పుడు శుభ్రమైన నీటితో కడిగి ఆరబెడతారు.

ఆరబెట్టడంలో తొందర పనికిరాదు. నేలపై కాక, ఎత్తుగా కట్టిన వల బల్లలపైన లేదా శుభ్రమైన సిమెంటు కళ్ళంపైన 4 నుంచి 7 సెంటీమీటర్ల మందంలో పరచాలి. గంటకొకసారి కలియబెట్టాలి. సాయంత్రం కుప్పచేసి మంచు తగలకుండా టార్పాలిన్ కప్పాలి. మంచి ఎండలో 7 నుంచి 10 రోజులలో తేమ 10 శాతానికి దిగుతుంది. ఈ స్థితిలో గింజపై ఉండే పలుచని గట్టి పొట్టు పేరుతో దానిని పార్చ్‌మెంటు కాఫీ అంటారు. తేమ ఎక్కువగా ఉన్న గింజకు బూజు పడుతుంది. మరీ ఎండిన గింజ మిల్లులో పగులుతుంది.

నిల్వలో మరొక జాగ్రత్త అవసరం. కాఫీ గింజ చుట్టుపక్కల వాసనలను త్వరగా పీల్చుకుంటుంది. మన్యంలోని ఇళ్ళలో పసుపు, మిరియాలు, కాఫీ ఒకే గదిలో ఉండటం సర్వసాధారణం. పసుపు నింపిన పాత సంచిలో పోసిన కాఫీ, కిరోసిన్ డబ్బా పక్కన ఉంచిన కాఫీ ఎంత శ్రద్ధగా ఆరబెట్టినా రుచి పరీక్షలో విఫలమవుతుంది.

ఉజ్జాయింపుగా 100 కిలోల ఎర్రపండ్ల నుంచి 20 కిలోల పార్చ్‌మెంటు, పొట్టు తీసిన తరువాత సుమారు 16 కిలోల గింజ, వేయించిన తరువాత 13 నుంచి 14 కిలోల కాఫీ లభిస్తుంది. పండుగా అమ్మినా, చెర్రీగా అమ్మినా, పార్చ్‌మెంటుగా అమ్మినా తోట అదే, శ్రమ దాదాపు అదే. ఏ దశ వరకు సరుకు రైతు అదుపులో ఉంటుందో ఆ దశ వరకే విలువలో అతనికి వాటా దక్కుతుంది.

రెండెకరాల రైతుకు సంఘం ఎందుకు?

పల్పర్, కడిగే తొట్లు, పారే నీరు, ఆరబెట్టే బల్లలు, తేమను కొలిచే మీటరు, గోదాము, రుచి చూసే నిపుణుడు, ఇవన్నీ ఎస్టేటుకు సొంతంగా ఉంటాయి. ఒక సీజనులో కొన్ని క్వింటాళ్ళ పండు మాత్రమే కోసే రైతు వీటిని విడిగా సమకూర్చుకోలేడు. సమకూర్చుకున్నా అతని సరుకు ఒక ఎగుమతి లాటుకు చాలదు. ఈ లోటును సహకార సంఘం పూరిస్తుంది.

ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం 1995లో వచ్చింది. ప్రభుత్వ వాటాధనం లేకుండా, సభ్యులే పెట్టుబడి పెట్టి, సభ్యులే పాలకవర్గాన్ని ఎన్నుకొని నడుపుకొనే సంఘాలకు ఈ చట్టం అవకాశమిచ్చింది. నాంది ఫౌండేషన్ తోడ్పాటుతో అరకు ప్రాంతపు చిన్న, సన్నకారు గిరిజన రైతులు ఈ చట్టం కింద తమ సంఘాన్ని ఏర్పరచుకున్నారు. ఈ రైతుల కాఫీ ‘అరకు’ పేరుతో 2017లో పారిస్ నగరంలో సొంత దుకాణం వరకు చేరింది. మరోవైపు గిరిజన సహకార సంస్థ రైతుల నుంచి పార్చ్‌మెంటును, చెర్రీని కొనుగోలు చేసి, ‘అరకు వ్యాలీ కాఫీ’ పేరుతో విక్రయిస్తున్నది. ఒకటి రైతుల స్వయంపాలిత సంఘం, మరొకటి ప్రభుత్వ ఆధ్వర్యంలోని సహకార సంస్థ. ఈ రెండూ మార్కెట్లో ఉండటం వల్ల దళారి తన ఇష్టం వచ్చిన ధరకు సరుకు కొనడం కష్టమైంది.

ఏక ప్రాంతపు కాఫీకి సంఘం నిర్వహించే పుస్తకం కూడా యంత్రమంత ముఖ్యమైనది. పండు కేంద్రానికి చేరినప్పుడు సభ్యుని సంఖ్య, గ్రామం, తేదీ, బరువు, పండ్ల నాణ్యత నమోదవుతాయి. ఒక గ్రామపు ఒక రోజు పండు ఒక లాటుగా మారి, పులియబెట్టే తొట్టి నుంచి సంచి వరకు అదే సంఖ్యతో ప్రయాణిస్తుంది. కప్పులో లోపం కనిపించినప్పుడు ఆ సంఖ్యను పట్టుకొని ఏ రోజున, ఏ కేంద్రంలో పొరపాటు జరిగిందో తెలుసుకోవచ్చు. కప్పు బాగున్నప్పుడు ఏ గ్రామానికి అదనపు ధర చెల్లించాలో కూడా ఆ సంఖ్యే చెబుతుంది. ఈ నమోదు లేకపోతే ప్రాంతపు పేరు సంచిపై అచ్చుగా మాత్రమే మిగులుతుంది.

సంఘం విజయం చెల్లింపుల వేగంపై ఆధారపడి ఉంటుంది. సంఘం ఇచ్చే ధర ఎంత ఎక్కువైనా డబ్బు నెలల తరువాత వచ్చేటట్లయితే అవసరంలో ఉన్న రైతు సంతకే వెళతాడు. పండు అప్పగించిన కొద్ది రోజులలోనే మొదటి విడత చెల్లించి, కాఫీ అమ్ముడైన తరువాత మిగిలిన మొత్తాన్ని నాణ్యతను బట్టి పంచే పద్ధతి ఇటువంటి రైతుకు తగినది. పల్పింగ్ కేంద్రాల మురుగునీటిని వాగులలోకి వదలకుండా గుంటలలో నిలిపి శుద్ధిచేయడం, తొక్కను కంపోస్టుగా మార్చి సభ్యుల తోటలకే చేర్చడం కూడా సంఘం బాధ్యతలలో చేరుతాయి.

కప్పులో పరీక్ష

కాఫీ రుచిని నిర్ణయించడానికి అంతర్జాతీయంగా ఒక పద్ధతి స్థిరపడింది. తేలికగా వేయించిన గింజలను పొడిచేసి, 150 మిల్లీలీటర్ల నీటికి 8.25 గ్రాముల చొప్పున తీసుకొని, సుమారు 93 డిగ్రీల వేడినీరు పోస్తారు. నాలుగు నిమిషాల తరువాత పైన కట్టిన పొడి తెట్టును చెంచాతో తొలగిస్తూ వాసన చూస్తారు. కొంచెం చల్లారాక రుచి చూసి సువాసన, పులుపు, చిక్కదనం, తీపి, శుభ్రత, నోటిలో మిగిలే రుచి మొదలైన గుణాలకు అంకెలు వేస్తారు. నూటికి 80కి పైగా వచ్చిన కాఫీని స్పెషాలిటీ కాఫీగా పరిగణిస్తారు. ప్రతి నమూనానూ ఐదు కప్పులలో పరీక్షించడానికి కారణముంది. ఒక్క పులిసిన గింజ పడిన కప్పు మిగిలిన నాలుగింటి నుంచి విడిగా తెలిసిపోతుంది.

మంచి అరకు అరబికాలో మధ్యస్థమైన చిక్కదనం, నిమ్మజాతి పండ్లను తలపించే పులుపు, బెల్లపు తీపి కనిపిస్తాయి. ఎక్కువగా మాడ్చి వేయించినా, చికోరీ కలిపినా ఈ సున్నితమైన గుణాలు మరుగునపడతాయి. కనుక ఏక ప్రాంతపు కాఫీని మధ్యరకంగా వేయించి, కొద్ది కొద్దిగా పొడిచేసుకొని, మొదట పాలు, చక్కెర లేకుండా రుచి చూడటం మంచిది. వగరు, చేదు రుచులకు అలవాటుపడిన నాలుకకు ఈ పులుపు మొదట లోపంగా తోచవచ్చు. కాని అది గింజ నెమ్మదిగా పక్వమైనందుకు గుర్తు.

పేరుకు చట్టరక్షణ

2019లో ‘అరకు వ్యాలీ అరబికా కాఫీ’కి భౌగోళిక గుర్తింపు లభించింది. కూర్గు అరబికా, చిక్కమగళూరు అరబికా, బాబాబుడన్‌గిరి అరబికా, వాయనాడు రోబస్టాలకు కూడా అదే సందర్భంలో ఈ గుర్తింపు దక్కింది. అరకు గుర్తింపు పరిధిలో ఒడిశా సరిహద్దు కొండ ప్రాంతమూ ఉంది. 1999 నాటి భౌగోళిక గుర్తింపు చట్టం ప్రకారం ఈ పేరు ఒక వ్యక్తికో, కంపెనీకో సొంతం కాదు. ఆ ప్రాంతపు ఉత్పత్తిదారులందరి ఉమ్మడి ఆస్తి. నమోదు పదేళ్ళు అమలులో ఉంటుంది. దానిని తిరిగి పునరుద్ధరించుకోవాలి. పేరును అధికారికంగా వాడుకోదలచిన ఉత్పత్తిదారులు అధీకృత వినియోగదారులుగా విడిగా నమోదు కావాలి. ఒక్కొక్క రైతుకు భారమయ్యే ఈ పని సంఘం ద్వారా సులభమవుతుంది.

చట్టం పేరును కాపాడగలదు గాని సంచిలోని గింజను కాపాడలేదు. పర్యాటకులు వచ్చే దారి వెంట, ఇతర ప్రాంతాల గింజలు కలిసిన పొడి అరకు పేరుతో అమ్ముడైతే ఆ నష్టం చివరకు కొండపై ఎర్రపండు ఏరిన కుటుంబానికే చేరుతుంది. కొనుగోలుదారు ప్యాకెట్‌పై గ్రామం లేదా సంఘం పేరు, పంటకాలం, వేయించిన తేదీ, నూరు శాతం కాఫీ అన్న ప్రకటన ఉన్నాయేమో చూడాలి.

కాయతొలుచు పురుగు: ఉమ్మడి ముప్పు

భారతదేశంలో 1990లో నీలగిరి ప్రాంతంలోని గూడలూరు వద్ద తొలిసారి కనిపించిన కాఫీ కాయతొలుచు పురుగు తరువాతి కాలంలో దక్షిణాది కాఫీ ప్రాంతాలలో వ్యాపించింది. చాలా ఏళ్ళు అరకు తోటలు దీని నుంచి తప్పించుకున్నాయి. 2025 వర్షాకాలంలో ఈ పురుగు అరకు ప్రాంతపు తోటలలో బయటపడింది.

రెండు మిల్లీమీటర్లకు మించని ఈ నల్లని పెంకు పురుగు కాయ బొడ్డు వద్ద సూదిమొనంత రంధ్రం చేసి గింజలోకి ప్రవేశించి అక్కడే గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగులు గింజను లోపలి నుంచి తింటాయి. కాయ లోపల దాగి ఉండటం వల్ల పైన చల్లిన మందు దానిని సులభంగా చేరదు. కోత ముగిసిన తరువాత చెట్టుపై మిగిలిన కాయలలోనూ, నేలపై రాలిన కాయలలోనూ జీవించి తరువాతి కాపును ఆశిస్తుంది.

అందువల్ల దీని నివారణలో పరిశుభ్రతదే మొదటి స్థానం. పండ్లను సకాలంలో కోయాలి. చెట్టు కింద పట్టాలు పరచి కోయడం వల్ల కాయలు నేలపై రాలవు. చివరి కోతలో ఒక్క కాయ కూడా మిగలకుండా దూసి, రాలిన వాటిని ఏరివేయాలి. పురుగు సోకిన కాయలను మరిగే నీటిలో రెండు, మూడు నిమిషాలు ముంచి, ఆ తరువాతనే ఆరబెట్టాలి లేదా లోతుగా పాతిపెట్టాలి. బ్రోకా ఉచ్చులు అమర్చాలి. తేమ ఎక్కువగా ఉండే కాలంలో బవేరియా బాసియానా శిలీంధ్రాన్ని పిచికారీ చేయవచ్చు. ఇది సేంద్రియ సాగుకు భంగం కలిగించదు. సరుకును నిర్ణీత తేమ వరకు ఆరబెట్టాలి. సోకిన ప్రాంతాల నుంచి పండ్లను, వాడిన గోనె సంచులను ఇతర గ్రామాలకు తరలించరాదు.

ఈ పద్ధతులలో ఏదీ ఒక రైతు ఒంటరిగా చేస్తే పూర్తి ఫలితమివ్వదు. పది తోటలు శుభ్రంగా ఉండి, పదకొండవ తోటలో రాలిన కాయలు మిగిలిపోతే పురుగు అక్కడి నుంచే మళ్ళీ వ్యాపిస్తుంది. కొండ దిగి పట్టణానికి వలస వెళ్ళిన కుటుంబం తోటను, వృద్ధుల తోటను కూడా గ్రామస్థులు కలిసి శుభ్రపరచవలసి వస్తుంది. పురుగు సోకిన కాయలను ధ్వంసం చేసే రైతుకు కొంత పరిహారం అందాలి, లేకపోతే అతడు ఆ కాయలను దాచి సంతలో అమ్మే ప్రమాదం ఉంది. నాణ్యత కోసం ఏర్పడిన సంఘం, లాటు సంఖ్యలు, గ్రామస్థాయి సేకరణ కేంద్రాలు ఇప్పుడు ఈ పురుగును గుర్తించి అడ్డుకొనే వ్యవస్థగా కూడా పనిచేయాలి. నీటి తొట్టిలో తేలిన కాయలను పరీక్షిస్తే ఏ గ్రామంలో పురుగు ప్రవేశించిందో తొలి రోజే తెలుస్తుంది.

తక్షణ కర్తవ్యాలు

సంఘాలు కోతకు ముందే పల్పర్లను మరమ్మతు చేయించి, తొట్లు కడిగించి, కొత్త సంచులు సిద్ధం చేసుకోవాలి. మొదటి విడత చెల్లింపుకు అవసరమైన నిధిని సెప్టెంబరు, అక్టోబరు నెలల నాటికే సమకూర్చుకోవాలి. రైతులు నీడను అవసరమైన మేరకే కత్తిరించి, మిగిలిన కాయల కోసం తోటను వరుసవారీగా పరిశీలించాలి. బొడ్డు వద్ద రంధ్రమున్న కాయ ఒక్కటి కనిపించినా కాఫీ బోర్డు విస్తరణ సిబ్బందికి, ఆర్.వి. నగర్ పరిశోధనా కేంద్రానికి లేదా గిరిజనాభివృద్ధి సంస్థ క్షేత్ర సిబ్బందికి వెంటనే తెలియజేయాలి. ఫ్లై పికింగ్ మొదలయ్యే నాటికి ప్రతి గ్రామంలో తోటల పరిశీలన ఒక్కసారైనా పూర్తయితే ఆ ఏడాది పంటతో పాటు అరకు పేరునూ కాపాడుకోవచ్చు.